వాగొడ్డు మేడమ్ పెట్టిన పేరు

మా జువాలజీ మేడమ్ పోయారన్న కబురు నాకు కాలేజీ పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో తెలిసింది. పొయ్యి మీద పాలు పెట్టి ఫోన్ చేతిలోకి తీసుకున్నాను. "మన జువాలజీ మేడమ్ ప్రభువునందు నిద్రించారు. ఈ సాయంత్రం వాగొడ్డులో భూస్థాపన" అని ఎవరో పెట్టారు. కింద వరసగా జోడించిన చేతుల బొమ్మలు. ఆ బొమ్మల మధ్యలో ఒకడు, ఆవిడ దగ్గర డిగ్రీ మొత్తం చదువుకున్నవాడే, అడిగాడు: "ఏ మేడమ్? వాగొడ్డు మేడమేనా?" ఇంకొకడు జవాబిచ్చాడు: "ఆ, వాళ్లే."

పాలు పొంగి పొయ్యంతా పడ్డాయి. తుడవబుద్ధి కాలేదు. పోయింది ఒక్క మనిషి. "వాళ్లే" అట. ఆ ఇద్దరికీ ఆవిడ బాగా తెలుసు. బొద్దింక నోటి భాగాల బొమ్మ సరిగ్గా రాకపోతే బెంచీ మీద పక్కన కూర్చుని, పెన్సిల్ పట్టించి, చెరిపించి మళ్లీ గీయించిన మనిషి. గుర్తురాక అడిగిన ప్రశ్న కాదది. ఆవిడ ఎక్కడి మనిషో గుర్తుందని చెప్పుకోవడానికి అడిగిన ప్రశ్న.

మా వైపు తెలియనివాళ్లకి చెప్పాలి. చిలకలూరిపేట నుంచి పర్చూరు వెళ్లే దారిలో ఒక పెద్ద ఊరుంది. ఊరికి అవతల వాగు, వాగు ఒడ్డున క్రైస్తవుల పల్లె. ఊరి పత్తి చేలల్లోనూ మిరప చేలల్లోనూ పనంతా ఆ పల్లె వాళ్లదే. ఊరివాళ్లు ఆ పల్లెని వాగొడ్డు అంటారు, అక్కడివాళ్లని వాగొడ్డోళ్లు అంటారు. చిరునామా చెప్పడానికి వాడే మాట కాదది. కులం చెప్పడానికి వాడే మాట. మా మేడమ్ ఆ పల్లెలో పుట్టి, అక్కడి చర్చి బడిలో చదువు మొదలుపెట్టి, గుంటూరులో ఎమ్మెస్సీ చేసి, మా ఎయిడెడ్ కాలేజీలో జువాలజీ లెక్చరర్‌గా చేరారు. రిటైరయ్యేదాకా అక్కడే పనిచేశారు. కాలేజీలో మిగతా లెక్చరర్లందరూ ఒకరికొకరు "గారు". ఆవిడ ఒక్కరే ఉత్త "మేడం". 

పొట్టి మనిషి. మెల్లగా మాట్లాడేవారు. చీరాల నేత చీరలే కట్టేవారు, గంజి కూడా పెట్టేవారు కాదు. మెళ్లో గొలుసు ఉండేది కాదు గానీ, నల్లతాడుకి కట్టిన భూతద్దం ఎప్పుడూ ఉండేది. మధ్యాహ్నం స్టాఫ్ రూములో తినేవారు కాదు. లాబ్‌లో, పాము సీసాల బీరువా పక్కన, కిటికీ దగ్గర క్యారియర్ విప్పుకునేవారు. నేను ఒకసారి అడిగాను.

"ఈ ఫార్మలిన్ కంపులో ఎలా తింటారు మేడమ్?"

"ఇది నయం అమ్మాయ్. స్టాఫ్ రూములో ఇంకో రకం కంపు."

ఆ మాట నవ్వుతూనే అన్నారు. నాకు అర్థం కావడానికి చాలా కాలం పట్టింది. నేను అదే కాలేజీలో గెస్ట్ లెక్చరర్‌గా చేరి, ఆ స్టాఫ్ రూములో కూర్చున్నాక అర్థమైంది.

మా మొదటి ప్రాక్టికల్ క్లాసు నాకు బాగా గుర్తు. వాన పడిన మర్నాడు హాస్టల్ వరండా దీపాల కింద రాలిన పురుగులన్నిటినీ చాటలో ఊడ్పించి తెచ్చారు. ఉసుళ్లు, పేడపురుగులు, రెక్కల చీమలు, రకరకాల రాత్రి సీతాకోకలు, ఆకుపచ్చ మిడతలు. మా ముందు పోసి, "వీటిని విడదీయండి" అన్నారు. ఎలాగో చెప్పలేదు. ఒక బల్లవాళ్లు రంగుని బట్టి కుప్పలు పెట్టారు. ఒక బల్లవాళ్లు కుట్టేవి, కుట్టనివి అన్నారు. మా బల్ల మీద ఒక పిల్ల చున్నీ ముక్కుకి అడ్డం పెట్టుకుని "ఛీ, ఛీ" అంటూ వెనక్కి జరిగింది.

మేడమ్ కసురుకోలేదు. "ఛీ అన్న మాట వాకిట్లో వదిలేసి రండమ్మా, చెప్పుల పక్కన. వెళ్లేటప్పుడు కావాలంటే తీసుకెళ్లండి" అన్నారు.

తర్వాత ఒక్కో కుప్ప దగ్గరికీ వచ్చి, రెక్క ఎలా మడిచిందో, నోరు కొరికేదో పీల్చేదో, కాళ్లు ఎక్కడ అతికాయో చూపించారు. మేం రంగు చూసి ఒక కుప్పలో వేసినవి చుట్టాలే కావని తేలింది. చూడ్డానికి ఏ పోలికా లేనివి దగ్గర చుట్టాలని తేలింది. పాఠ్యపుస్తకంలో "నిమ్న జీవులు" అని ఒక మాట ఉండేది. ఆ మాటని మా అందరి చేతా పెన్నుతో కొట్టేయించారు. "వర్గీకరణంటే ఎవరు ఎక్కువ ఎవరు తక్కువ అని కాదు. ఎవరు ఎవరికి ఏమవుతారని. ఇవాళ బతికున్న ప్రతి ప్రాణీ మనంత కాలం నుంచీ బతుకుతూ వస్తున్నదే. ఇంక కింద ఎవరు, పైన ఎవరు?"

శాస్త్రీయ నామాలు చెప్పేటప్పుడు ఆవిడకి ఒక సరదా ఉండేది. ప్రతి ప్రాణి పేరులోనూ రెండు ముక్కలుంటాయి. ముందుది ప్రజాతి, తర్వాతది జాతి. "మన తెలుగువాళ్ల పేర్ల లాగే. ఇంటిపేరు ముందు, మనిషి పేరు తర్వాత. ఇంటిపేరు చూస్తే దాని అన్నదమ్ములెవరో తెలిసిపోతుంది" అనేవారు. ఆ వెంటనే "ఇక్కడ ఇంటిపేరు అడిగేది చుట్టరికం కలపడానికి. బయట మీరు అడిగేది దేనికో నాకు తెలుసులే" అనేవారు. వెనక బెంచీల్లో కొందరు తలలు దించుకునేవారు. కొందరు దించుకునేవారు కాదు.

ఆ మాట నాకు తగిలింది. మేం దూదేకులం. మా నాన్న ఊరూరా తిరిగి పరుపులు కుట్టేవాడు. మాకు ఉర్దూ రాదు. బజార్లో మమ్మల్ని సాయిబులు అంటారు, సాయిబులు మాత్రం "మీరు మావాళ్లేంటి" అంటారు. ఏ కుప్పలో వేయాలో తెలియనివాళ్లం. కాలేజీలో చేరిన కొత్తలో "మీరేంట్లు?" అని కులం అడగని మనిషి లేడు. అడగనిది మేడమ్ ఒక్కరే. అందుకే ఎమ్మెస్సీ అయ్యాక, వేరే చోట ఇంతకంటే మంచి ఉద్యోగం దొరికేదే అయినా, గెస్ట్ లెక్చరర్‌గా ఆవిడ దగ్గరికే వచ్చాను.

అప్పటికి ఆవిడ ఒక సాలీడు వెంట పడి ఉన్నారు. వాగొడ్డు వెనక సమాధుల దొడ్డి ఉంది. ఎప్పుడూ నాగలి పడని నేల. ఆ గట్టు మీద, గడ్డిలో, నేలలోకి సన్నటి బొరియ తవ్వుకుని, దానికి మట్టితోనూ పట్టుతోనూ ఒక మూత చేసుకుని ఉండే సాలీడు అది. మూత వేసుకుందంటే పక్కనే నిలబడ్డా కనిపించదు. చీమో పేడపురుగో అటుగా వస్తే మూత లేస్తుంది, సాలీడు లోపలికి లాక్కుంటుంది, మూత పడిపోతుంది. చిన్నప్పుడు వాళ్లమ్మ అక్కడ గడ్డి కోస్తుంటే ఆవిడ చూశారట. దేశంలో ఈ రకం సాలీళ్లు చాలానే ఉన్నాయి, వాటి ఇంటిపేరు ఎప్పుడో పెట్టి ఉంది. ఇది మాత్రం వాటిలో దేనితోనూ కలవడం లేదని ఆవిడ అనుమానం.

అనుమానం ఉంటే చాలదు. అంతకుముందు ప్రపంచంలో ఎవరెవరు ఏ ఏ సాలీళ్ల గురించి రాశారో అన్నీ చదవాలి. ప్రతిదానికీ దీనికీ తేడా చూపాలి. ఆడదీ మగదీ రెండూ ఉంటే మంచిది. ఒకదాన్ని మూల నమూనాగా ఎంచి, ఎవరైనా ఎప్పుడైనా వచ్చి చూసుకునేలా మ్యూజియంలో దాచాలి. అప్పుడు అచ్చు వేయాలి. ఇవన్నీ పద్ధతిగా ముందు ఎవరు చేస్తారో వాళ్లు పెట్టిన పేరే నిలుస్తుంది. తర్వాత వచ్చినవాళ్లకి నచ్చినా నచ్చకపోయినా మార్చడానికి లేదు. ఆవిడ కొన్నేళ్లుగా సెలవుల్లో చేసింది ఈ పనే. దూరాన ఒక మ్యూజియంలో సాలీళ్ల మీద పనిచేసే పెద్దాయన ఒకరు ఆవిడకి ఫోన్లో సలహాలిచ్చేవారు. ఆడ సాలీళ్లు దొరికాయి. మగవి తొలకరి తర్వాత బొరియ వదిలి ఆడదాన్ని వెతుక్కుంటూ బయటికి వస్తాయి, కొద్దికాలమే తిరుగుతాయి. అందుకని ప్రతి తొలకరికీ ఆవిడ సమాధుల దొడ్లో గడ్డి మీద బోర్లా పడుకుని చూస్తూ ఉండేవారు. నేను వెళ్లిన ఏడాది ఒక మగది దొరికింది. సీసాలో వేసి, లాబ్ బీరువాలో పెట్టి, ఆ రోజు నాకు వాళ్ల చెల్లెలి ఇంట్లో కోడికూర పెట్టించారు. అంత సంతోషంగా ఆవిడని నేను మళ్లీ చూడలేదు.

ఈ సంగతి కరస్పాండెంట్ చెవిన పడింది. కాలేజీ పెట్టింది వాళ్ల నాన్న. గది మొత్తం ఆ పెద్దాయన ఫొటోలే. మేడమ్‌ని పిలిపించాడు, ఆవిడ నన్నూ వెంట రమ్మన్నారు. మా హెచ్‌ఓడీ అప్పటికే అక్కడ సోఫాలో కూర్చుని ఉన్నాడు. ఖాళీ కుర్చీ ఉంది. మేడమ్‌ని కూర్చోమనలేదు.

"ఏదో కొత్త పురుగుని పట్టారంటగా మేడం?"

"పురుగు కాదు సార్, సాలీడు. ఎనిమిది కాళ్లు."

"ఏదైతేనేం. దానికి నాన్నగారి పేరు పెట్టేయండి. తనిఖీ కమిటీ వస్తోంది. చెప్పుకోవడానికి బాగుంటుంది."

"దానికి వేరే పేరు అనుకున్నానండి. అది దొరికిన చోటు పేరు."

"ఏ చోటు?"

"వాగొడ్డు."

ఆయన హెచ్‌ఓడీ వైపు చూశాడు. ఇద్దరూ నవ్వారు. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్లంతా జెర్రి పాకినట్టయింది. 

"ప్రపంచమంతా చదువుతుందని మీరే చెబుతున్నారు. చదవడానికి ఆ పేరా మేడం?"

"అది ఉండేది అక్కడేనండి."

"మీకు ఉద్యోగమిచ్చింది నాన్నగారు. గుర్తుందా?"

"గుర్తుంది సార్. ఆయన పేరు కాలేజీకి ఉంది, రోడ్డుకి ఉంది, బస్టాపుకి ఉంది. దీన్ని వదిలేయండి."

అంతే అన్నారు. గొంతు పెంచలేదు. బయటికి వచ్చాక మెట్ల మీద ఆగి భూతద్దం చీర కొంగుతో చాలాసేపు తుడిచారు.

ఆ తర్వాత పరీక్ష పేపర్లు దిద్దడానికి మేడమ్ ఒంగోలు వెళ్లారు. ఆ వారంలోనే హెచ్‌ఓడీ అటెండర్ చేత బీరువా తీయించి సీసాలు పట్టుకుపోయాడు. నేను అడ్డం పడితే "డిపార్ట్‌మెంటు వస్తువమ్మా, నీ సొంతమా?" అన్నాడు. మేడమ్‌కి ఫోన్ చేశాను. ఆవిడ బయల్దేరి వచ్చేసరికి జరగాల్సింది జరిగిపోయింది. డబ్బు కడితే ఏది పంపినా అచ్చేసే పత్రికలుంటాయి. అలాంటి ఒకదాంట్లో, కంప్యూటర్లో మాత్రమే కనిపించేదాంట్లో, హెచ్‌ఓడీ పేరూ కరస్పాండెంట్ పేరూ వేసుకుని ఒక వ్యాసం వచ్చేసింది. సాలీడుకి నాన్నగారి పేరు. పొద్దున పేపర్లో జిల్లా పేజీలో ఫొటో కూడా. "అరుదైన జీవిని కనుగొన్న కరస్పాండెంట్." ఫొటోలో ఆయన చూపిస్తున్నది మా సాలీడు కాదు. ఎక్కడో ఇంటర్నెట్‌లోంచి తీసిన, ఒళ్లంతా బొచ్చున్న ఏదో విదేశీ సాలీడు బొమ్మ. జువాలజీ హెచ్‌ఓడీకి ఆ తేడా తెలియలేదు. తెలిసినా పట్టలేదో.

స్టాఫ్ రూములో స్వీట్లు పంచారు. హెచ్‌ఓడీ డబ్బా తెచ్చి మేడమ్ ముందే పెట్టాడు. "తీసుకోండి మేడం, మీ కష్టం కూడా ఉంది కదా ఇందులో" అన్నాడు. మేడమ్ ఆ డబ్బా వైపు చూశారు.

"వద్దండీ. కడుపులో తిప్పుతోంది" అన్నారు.

అందరూ ఆవిడకి ఒంట్లో బాగాలేదనుకున్నట్టు నటించారు. ఒక లెక్చరర్ నిమ్మకాయ నీళ్లు తాగమని సలహా కూడా ఇచ్చాడు. నోట్లో జాంగ్రీ పెట్టుకునే ఇచ్చాడు.

అసలు రోత తర్వాత ఉంది. కమిటీ కోసం వరండాలో ఒక అద్దాల పెట్టె పెట్టి, అందులో మేడమ్ సాలీళ్లన్నీ వేసిన పెద్ద గాజు సీసా, పెట్టె మీద బంగారు రంగు అక్షరాలతో నాన్నగారి పేరు పెట్టారు. స్పిరిట్ బదులు కుళాయి నీళ్లు పోసి, చూడ్డానికి బాగుంటుందని అందులో నీలం రంగు కలిపారు. కమిటీ వచ్చింది, వెళ్లింది. కొన్నాళ్లకి వరండాలో వాసన మొదలైంది. ఎలక చచ్చిందేమోనని అంతా వెతికారు. మేడమ్ వెతకలేదు. తిన్నగా వెళ్లి అద్దాల పెట్టె తెరిచి, సీసా మూత తిప్పారు. ఆ వాసనకి అటెండర్ పరిగెత్తి బయట కక్కాడు. సీసా అడుగున నల్లటి ముద్ద. కాళ్లు విడిపోయి, పొట్టలు పగిలి, నూరిన పచ్చడిలా. ఏది ఆడదో ఏది మగదో దేవుడికే తెలియాలి. కొన్నేళ్ల సెలవులు, ఎండలు, వానలు, ఆ ముద్ద. మేడమ్ కాసేపు పట్టుకుని నిలబడ్డారు. నేను ముక్కు మూసుకున్నాను. ఆవిడ మూసుకోలేదు.

"వాసన దీని తప్పు కాదు అమ్మాయ్" అన్నారు.

పురుగుల దగ్గర ఛీ అనడం నేను ఆవిడ దగ్గరే మానేశాను. మనుషుల దగ్గర మానడం మాత్రం ఆవిడ కూడా నేర్పలేకపోయారు.

ఆ సాయంత్రం మ్యూజియం పెద్దాయనకి ఫోన్ చేశారు. నాకూ వినిపించేలా స్పీకర్ పెట్టారు. ఇక ఆ పేరు దానికి అంటుకున్నట్టేనా అని అడిగారు. ఆవిడ భయమంతా అదే. పద్ధతి ప్రకారం మొదట అచ్చయితే ఎవరూ మార్చలేరు కదా. ఆయన తాపీగా చెప్పారు: "వాళ్లు మూల నమూనా ఏదో చెప్పలేదు. ఎక్కడ దాచారో చెప్పలేదు. ఆ పత్రిక చేయాల్సిన నమోదు చేయలేదు. అది పేరే కాదమ్మా. ఉత్త మాట. మీ పేరు మీరు పెట్టుకోవచ్చు. కానీ నాకు నమూనా కావాలి. మగది కూడా ఉంటే ఇక ఎవరూ నోరెత్తలేరు."

మళ్లీ మగది. మళ్లీ తొలకరి దాకా ఎదురుచూపు. ఈ లోపు కాలేజీలో ఆవిడకి లాబ్ తాళాలు ఇవ్వడం మానేశారు. డిగ్రీ క్లాసులు తీసేసి, ఇంటర్ పిల్లలకి ప్రవేశ పరీక్షల బిట్లు రుద్దించే పనిలో వేశారు. రాజ్యం, వర్గం, తరగతి, క్రమం, కుటుంబం అంటూ పిల్లలు పాటలా వల్లించాలి, ఒక్క ప్రాణిని కూడా చూడక్కర్లేదు. ఆవిడకి అంతకన్నా పెద్ద శిక్ష లేదు. అయినా ఆ క్లాసుకి కూడా అగ్గిపెట్టెలో ఏదో ఒకటి పట్టుకెళ్లేవారు. 

తొలకరి పడింది. నేనూ ఆవిడా వాగొడ్డు వెళ్లాం. వెళ్లేసరికి గట్టు సగం లేదు. ఎవరో ట్రాక్టర్లతో మట్టి తోలుకుపోయారు. మేం గుర్తులు పెట్టుకున్న బొరియలున్న వైపే పోయింది. మేడమ్ చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని, మిగిలిన సగంలో సమాధుల మధ్య వెతకడం మొదలుపెట్టారు. రోజూ పొద్దున్నే వెళ్లేవాళ్లం, కాలేజీ టైముకి బురద కాళ్లతో వచ్చేవాళ్లం. ఏమీ దొరకలేదు. నేను ఆశ వదులుకున్నాను, పైకి చెప్పలేదు.

ఒక పొద్దున జల్లు పడి వెలిసింది. మేడమ్ వాళ్లమ్మ సమాధికి కొత్తగా సున్నం వేయించి ఉన్నారు. ఆ తెల్లటి సున్నం మీద, నల్లగా, ముందు కాళ్లు గాల్లోకి ఎత్తి తడుముకుంటూ, నడుస్తూ ఉంది. మగది. నేను అరిచాను. మేడమ్ పరిగెత్తుకొచ్చి, సమాధి పక్కన మోకాళ్ల మీద కూర్చున్నారు. సీసా మూత తీసి కూడా వెంటనే పట్టలేదు. అది సమాధి అంచు దాకా నడిచేదాకా చూస్తూ ఉండిపోయారు.

పక్కన గడ్డిమోపు కట్టుకుంటున్న ఒక ముసలమ్మ ఇదంతా చూస్తోంది. మేడమ్‌కి వరసకి పెద్దమ్మ.

"ఏందే టీచరమ్మా, మీయమ్మ మీద ఏం పట్టావే?"

"సాలీడు పెద్దమ్మా. దీనికి మన వాగొడ్డు పేరు పెడతన్నా."

"సాలీడుకా? మన పేరా?" ముసలమ్మ నడుం మీద చేయి పెట్టుకుంది. "ఎందుకే తల్లీ, ఆ పేరు పెట్టి మనల్ని పిలిచేది చాల్లేదా? ఇప్పుడు దాన్ని కూడా పిలవాలా?"

మేడమ్ పకపకా నవ్వారు. "ఇది వేరే పెద్దమ్మా. దీన్ని తీసేయడం ఎవరి తరమూ కాదు."

ఆ మగదాన్నీ, గట్టు అంచున దొరికిన ఒక ఆడదాన్నీ ఈసారి కాలేజీకి తీసుకురాలేదు. తిన్నగా మ్యూజియానికి ఆవిడే రైల్లో పట్టుకెళ్లి ఇచ్చి వచ్చారు. వ్యాసం అచ్చయింది. ఒక ఊరి పేరు మీద పెడితే చివర "ఎన్సిస్" అని చేరుస్తారు, ఆ ఊరిది అని అర్థం. అలా అది వాగొడ్డెన్సిస్ అయింది. హెచ్‌ఓడీ పెట్టింది లెక్కలోకి రాదని ఆ వ్యాసంలోనే ఒక్క వాక్యంలో రాశారు, తిట్లేమీ లేకుండా.

కాలేజీలో ఎవరూ స్వీట్లు పంచలేదు. అద్దాల పెట్టె మీద బంగారు అక్షరాలు తీయలేదు. స్టాఫ్ రూములో హెచ్‌ఓడీ పక్కవాడితో, మేడమ్‌కి వినిపించేలా అన్నాడు: "సాలీడుకి వాళ్ల పేరే సరిగ్గా సరిపోయిందిలే." నలుగురు నవ్వారు. ఎమ్మెస్సీలు, పీహెచ్‌డీలు చేసిన నోళ్లు. వాళ్ల పళ్ల సందుల్లో వక్కపొడి నాకు ఇప్పటికీ కనిపిస్తుంది. 

మేడమ్ తన సంచీ భుజానికి తగిలించుకుంటూ, "అవునండీ, సరిపోయింది. అది అక్కడిది కాబట్టి" అని వెళ్లిపోయారు.

ఆ ఏడే రిటైరయ్యారు, నేనూ వేరే కాలేజీకి మారాను. తర్వాత రొమ్ములో గడ్డ బయటపడింది. గుంటూరులో వైద్యం. నేను చూడ్డానికి వెళ్తే జబ్బు సంగతి అడగనిచ్చేవారు కాదు. ఆస్పత్రి కిటికీ అద్దం మీద పాకే బల్లిని చూపించి, దాని వేళ్ల గురించి చెప్పేవారు. ఆఖరిసారి వెళ్లినప్పుడు మాట సన్నబడిపోయింది. "నువ్వు క్లాసులో ఏం చెబుతున్నావిప్పుడు?" అని అడిగారు. చెప్పాను. "ఏదైనా పట్టుకెళ్లి చూపించు అమ్మాయ్. ఉత్త పేర్లు చెప్పకు" అన్నారు.

ఆవిడ పోయిన రోజు పొద్దునే కాలేజీలో సంతాప సభ అన్నారు. వెళ్లాను. గేటు దగ్గర అప్పటికే ఫ్లెక్సీ కట్టేశారు. అందులో కరస్పాండెంట్ బొమ్మ నిలువెత్తున, నాన్నగారి బొమ్మ మేఘాల్లో. మేడమ్ ఫొటో కింద మూలన, పాస్‌పోర్టు సైజులో, అదీ సగం దండ కింద. అక్షరాల్లో ఆవిడ పేరు తప్పు. ఒక మనిషి జీవితమంతా పేర్లు తప్పు పోకుండా చూసుకుంటే, ఆవిడ పేరు ఇలా. కరస్పాండెంట్ మైకు పట్టుకుని, కళ్లు తుడుచుకుని, "మా నాన్నగారి పేరు మీద సాలీడుని కనిపెట్టి, మా సంస్థ పట్ల విశ్వాసం చాటుకున్న మేడం" అన్నాడు. హెచ్‌ఓడీ చప్పట్లు కొట్టాడు. సంతాప సభలో చప్పట్లు.

 లేచి వేదిక ఎక్కాను. పాత విద్యార్థిని, రెండు మాటలు చెబుతానన్నాను. మైకు ఇచ్చారు. "మేడమ్ ఆ సాలీడుకి పెట్టిన పేరు వేరు. దాని పేరు వాగొడ్డెన్సిస్. వాగొడ్డుది అని అర్థం. నమూనా మ్యూజియంలో ఉంది, ఎవరైనా వెళ్లి చూసుకోవచ్చు. ఆ అద్దాల పెట్టె మీద ఉన్నది పేరు కాదు" అన్నాను. ఇంకా చెప్పబోతుంటే మైకు ఆగిపోయింది. కరెంటు పోయిందన్నారు. తల మీద ఫ్యాన్లు మాత్రం తిరుగుతూనే ఉన్నాయి. మైకు లేకుండానే ఆ పేరు ఇంకోసారి, గట్టిగా చెప్పాను. ముందు వరసల్లో ఎవరూ తలెత్తలేదు. వెనక నిలబడ్డ కుర్రపిల్లల్లో ఎవరో ఫోన్లో కొట్టి చూసి, "ఉంది, ఇదిగో" అనడం వినిపించింది. నాకు అది చాలనిపించి దిగి వచ్చేశాను.

సాయంత్రానికి వాగొడ్డు చేరుకున్నాను. కాలేజీ నుంచి ఎవరూ రాలేదు. వాగు దాటాల్సి వస్తుంది కదా. చెల్లెలూ, ఆమె పిల్లలూ, చర్చి వాళ్లూ ఉన్నారు. మేడమ్ వాళ్లమ్మ పక్కనే తవ్వారు. పాస్టర్ గారు చిన్న ప్రార్థన చేశారు. మిరపకాయల కోతల రోజులు కావడంతో పల్లెలో ఆడవాళ్లందరూ పొద్దుటి నుంచీ చేలల్లో ఉన్నారు. శవపెట్టె వచ్చిందని విని, కాళ్లూ చేతులూ కడుక్కోకుండా, గట్ల మీద నుంచి ఒక్కొక్కరే పరిగెత్తుకుంటూ వచ్చారు. నెత్తిన గుడ్డలు అలాగే ఉన్నాయి. అరచేతులు ఎర్రగా మండుతున్నాయి. పెట్టె దించుతుంటే ఒక్కసారిగా ఏడుపు లేచింది. ఒక్కరూ కళ్లు తుడుచుకోలేదు. ఆ చేతులతో ముట్టుకుంటే కళ్లు మండిపోతాయి. చేతులు రెండూ ఒంటికి దూరంగా చాచి పట్టుకుని, మొహాలు కొంచెం పైకెత్తి, నీళ్లు కారుతుంటే కారనిస్తూ, అలా నిలబడే ఉన్నారు.